పొర వేయక ముందే సగం పని
వాహనానికి వినైల్ ర్యాప్ వేయించేవారూ, వేసేవారూ తెలుసుకోవలసిన విషయాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పట్టణాలలో బస్టాండు చుట్టుపక్కల వీధులలో నడిచేవారికి ‘రేడియం వర్క్స్’ అన్న బోర్డు కంటబడక మానదు. ఆ దుకాణాలలో రేడియం అనే లోహం రవ్వంతయినా ఉండదు. రాత్రివేళ దీపపు వెలుగు పడగానే మెరిసే పొరకు జనం పెట్టుకున్న పేరది. ఒకప్పుడు లారీల మీద, ఆటోల మీద కుంచె పట్టి పేర్లు రాసిన చిత్రకారుల స్థానాన్ని ఈ దుకాణాలు ఆక్రమించాయి. నంబరు ప్లేట్లతో, చిన్న చిన్న స్టిక్కర్లతో మొదలైన ఈ పని నేడు కారు మొత్తానికి కొత్త చర్మం తొడిగే స్థాయికి ఎదిగింది. దానినే ‘వినైల్ ర్యాప్’ అంటున్నారు.

ఈ విషయం కుటుంబ పత్రికలో ఎందుకు అని పాఠకులు అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. మన ఇళ్లలోని యువకులు అనేకమంది మెకానిక్ పని, డెంటింగ్, పెయింటింగ్, సీటు కవర్ల తయారీ వంటి వృత్తులలో స్థిరపడ్డారు. వారి తమ్ముళ్లు ఇప్పుడు ఈ కొత్త విద్య వైపు చూస్తున్నారు. ఇది మొదటి కారణం. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో కొన్న కారుకో, బ్రతుకు తెరువైన ట్యాక్సీకో ర్యాప్ వేయించి, ఒక్క వానాకాలం గడవకముందే అంచులు లేచిపోయి, పొర ఊడదీయగా దానితోపాటు రంగు కూడా పెచ్చులుగా ఊడివచ్చి నష్టపోయే కుటుంబాలు ఉండటం రెండవ కారణం. ఇటువంటి నష్టాలలో అధిక భాగం పొర నాసిరకం కావడం వల్ల కాక, పొర వేయకముందు చేయవలసిన పని చేయకపోవడం వల్లనే సంభవిస్తుంది. ఆ పని ఏమిటో, దాని వెనుక ఉన్న కారణాలేమిటో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వినైల్ పొర అంటే ఏమిటి?

వినైల్ అని మనం పిలిచేది పాలీవినైల్ క్లోరైడ్ అనే ప్లాస్టిక్. నీటి గొట్టాలుగా మనకు పరిచయమైన పి.వి.సి. ఇదే. గట్టిగా, పెళుసుగా ఉండే ఈ పదార్థాన్ని మెత్తగా, సాగేలా మార్చే పద్ధతిని 1926లో అమెరికాకు చెందిన వాల్డో సీమన్ అనే రసాయన శాస్త్రవేత్త కనుగొన్నాడు. ఆ తరువాతనే అది తొడుగులకు, పొరలకు పనికివచ్చింది. వాహనాలకు రంగు బదులు పొర వేయడం విస్తరించడానికి జర్మనీ ట్యాక్సీలు ఒక ముఖ్య కారణం. అక్కడ ట్యాక్సీలన్నీ లేత గోధుమ రంగులోనే ఉండాలన్న నిబంధన ఉండేది. ట్యాక్సీగా నడిపిన కారును తిరిగి అమ్మాలంటే ఆ రంగు అడ్డు వచ్చేది. అందువల్ల 1990ల తొలినాళ్లలో అక్కడివారు అసలు రంగును చెడగొట్టకుండా పైన గోధుమ రంగు పొర వేసి, అమ్మే సమయంలో దానిని తీసివేయడం ఆరంభించారు. పొర వేసిన నాడు నిలవాలి, తీసిన నాడు కింది రంగుకు హాని కలగకుండా ఊడిరావాలి. ఈ రెండు లక్షణాలూ కలిసి ఉన్నప్పుడే అది మంచి ర్యాప్ అనిపించుకుంటుంది.

ఈ పొరలు ప్రధానంగా రెండు రకాలు. ద్రవరూపంలోని పదార్థాన్ని పలుచగా పోసి ఆరబెట్టి తయారు చేసేది ‘కాస్ట్’ పొర. దాని మందం సుమారు 50 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో ఇరవయ్యవ వంతు. వేడి రోలర్ల మధ్య చపాతీ పిండిలా నొక్కి సాగదీసి తయారు చేసేది ‘క్యాలెండర్డ్’ పొర. ఇది కొంత మందంగా, చవకగా ఉంటుంది. అయితే బలవంతంగా సాగదీసినది కనుక ఎండ తగిలినకొద్దీ తన పూర్వ పరిమాణానికి ముడుచుకుపోవాలని చూస్తుంది. చదునైన తలుపుపై పేరు రాయడానికి, వ్యాన్ ప్రక్కన ప్రకటన వేయడానికి అది సరిపోతుంది. బంపర్లు, అద్దాల తొడుగుల వంటి వంపుల మీద అది నిలవదు. కారు మొత్తానికి వేయాలంటే కాస్ట్ పొరనే ఎంచుకోవాలి. ఈ పొరలు సాధారణంగా 1.52 మీటర్ల వెడల్పుతో వస్తాయి. మధ్యరకం కారుకు 15 నుంచి 18 మీటర్ల పొడవు అవసరమవుతుంది.

కళాయి చెప్పే పాఠం

మన పెద్దలు ఎరిగిన ఒక వృత్తిని ఇక్కడ జ్ఞాపకం చేసుకుంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. రాగి, ఇత్తడి పాత్రలకు కళాయి వేసేవారు వీధివీధినా తిరిగిన కాలం ఎంతో దూరంలో లేదు. పెళ్లిళ్లకు, పండుగలకు ముందు దేగిశాలన్నీ వారి ముందుకు చేరేవి. కళాయివాడు పాత్ర తెచ్చిన వెంటనే తగరం పూసేవాడు కాదు. ముందుగా ఇసుకతో, బూడిదతో తోమేవాడు. కొలిమి మీద వేడి చేసి, నవసాగరం చల్లి గుడ్డతో తుడిచేవాడు. తెల్లని పొగ లేచేది. ఆ నవసాగరం లోహంపై పేరుకున్న చిలుమును తొలగించేది. అప్పుడు తగరపు ముక్కను ఒక్కసారి రాస్తే చాలు, అది వెండిలా పాత్ర అంతటా పరచుకునేది. చిలుము మిగిలిన చోట తగరం అంటేది కాదు. పూత పూయడం నిమిషాల పని, పాత్రను సిద్ధం చేయడమే అసలు శ్రమ.

గద్వాల చేనేత కార్మికులను అడిగినా ఇదే మాట చెబుతారు. నూలు ఒడలి, పట్టు అంచు కలిసిన ఆ చీర మగ్గం మీదకు ఎక్కకముందు నూలు పడుగుకు గంజి పట్టించి, పోగులు అంటుకోకుండా ఆరబెట్టి, సరిచేయాలి. పడుగు సరిగా లేనిదే నేత ఎంత నైపుణ్యంతో సాగినా పోగులు తెగుతూనే ఉంటాయి. వినైల్ ర్యాప్ విషయంలోనూ ఇదే నియమం వర్తిస్తుంది.

జిగురు ఎందుకు పట్టుతుంది, ఎందుకు వదలుతుంది?

పొర వెనుక ఉండే జిగురు ఒత్తిడితో అతుక్కునే రకం. నొక్కినప్పుడు అది అతి మెల్లగా ప్రవహించే ద్రవంలా రంగు మీది సూక్ష్మమైన ఎగుడుదిగుడులలోకి పాకుతుంది. జిగురుకూ రంగుకూ మధ్య ఎంత ఎక్కువ స్పర్శ ఏర్పడితే పట్టు అంత బలంగా ఉంటుంది. మధ్యలో దుమ్ము, నూనె, మైనం ఏది ఉన్నా జిగురు దానికే అతుక్కుంటుంది, రంగుకు కాదు. దుమ్ము రేణువు ఊడినప్పుడు పొర కూడా దానితోపాటే లేస్తుంది.

తామరాకు మీద నీటిబొట్టు నిలవకుండా ముత్యంలా దొర్లిపోవడం మనకు తెలిసినదే. ఆకు మీద ఉన్న మైనపు పూత నీటిని తనపై పరచుకోనివ్వదు. కారుకు మెరుపు కోసం రుద్దే పాలిష్, వ్యాక్స్, సిలికాన్, ఈ మధ్య ప్రచారంలోకి వచ్చిన సిరామిక్ కోటింగ్ కూడా ఇలాంటి పనే చేస్తాయి. నీటిని ఎలా తిప్పికొడతాయో జిగురునూ అలాగే తిప్పికొడతాయి. కనుక కారు ఎంతగా నిగనిగలాడితే పొర అంత బాగా అంటుతుందని భావించడం పొరపాటు. ఆ నిగనిగ దేనివల్ల వచ్చిందో ముందుగా విచారించాలి. సిరామిక్ కోటింగ్ ఉన్నట్లయితే దానిని పాలిషింగ్ యంత్రంతో పూర్తిగా అరగదీసిన తరువాతనే ర్యాప్ ఆలోచన చేయాలి.

మొదటి మెట్టు: రంగును పరీక్షించడం

నీటి బకెట్టు పట్టుకోవడానికి ముందు కళ్లు పనిచేయాలి. కారు చుట్టూ మంచి వెలుతురులో నెమ్మదిగా తిరిగి ప్రతి పలకనూ పరిశీలించాలి. గీతలు, సొట్టలు, రాతి దెబ్బలు, తుప్పు పట్టిన మడ్‌గార్డులు, లప్పం పెట్టి రంగు వేసిన చోట్లు, అన్నిటినీ కాగితంపై రాసుకుని, ఫోటోలు తీసి, యజమానికి చూపించాలి. పొర లోపాలను కప్పుతుందనుకోవడం భ్రమ. 50 మైక్రాన్ల పొర కింద ఇసుక రేణువు కూడా మొటిమలా కనిపిస్తుంది. సొట్ట సొట్టగానే ఉంటుంది, మెరిసే పొర కింద మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

కర్మాగారంలో వేసిన రంగుకూ, ఊరిలో తిరిగి వేసిన రంగుకూ గల భేదాన్ని గుర్తించాలి. కర్మాగారంలో పై పూతను సుమారు 140 డిగ్రీల వేడిలో కాల్చి గట్టిపరుస్తారు. అది లోహాన్ని గట్టిగా పట్టుకొని ఉంటుంది. ఊరి షెడ్డులో తుపాకీతో చల్లి గాలికి ఆరబెట్టిన రంగుకు అంతటి పట్టు ఉండదు. అటువంటి రంగు మీద వేసిన పొరను ఏళ్ల తరువాత తీస్తే రంగు పెచ్చులుగా ఊడివచ్చే ప్రమాదం ఉంది. దీనిని తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. అనుమానమున్న చోట బాగా అంటుకునే టేపును గట్టిగా నొక్కి, ఒక్కసారిగా లాగాలి. టేపుతో రంగు రేకులు వస్తే ఆ పలకకు ముందు రంగు మరమ్మతు చేయించాలి. ర్యాప్ ఆ తరువాతి మాట.

కొత్తగా రంగు వేసిన పలకకు మరొక చిక్కు ఉంది. చేతికి ఆరినట్లు తోచినా, లోపలి ద్రావకాలు వారాల తరబడి ఆవిరిగా వెలువడుతూనే ఉంటాయి. వాటి దారిని పొర మూసివేస్తే ఆ ఆవిరి బుడగలై పైకి తేలుతుంది. అందువల్ల కనీసం మూడు వారాల నుంచి నెల వరకు వేచి ఉండాలి. రంగు డబ్బాపై తయారీదారు చెప్పిన గడువు అంతకన్నా ఎక్కువైతే దానినే పాటించాలి. ఆ తరువాత కూడా సందేహముంటే ఒక మూల చిన్న ముక్క అతికించి ఒక రోజు ఆగి చూడాలి. బుడగలు పుట్టితే ఇంకా ఆగవలసిందే. పండుగకు ఇంకా వారమే ఉందని యజమాని ఎంత తొందరపెట్టినా, పనివాడు ఈ విషయంలో లొంగరాదు.

తుప్పు సంగతి మరీ ముఖ్యం. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డ గ్రామాలలో పొలం బాటల బురద చక్రాల కింద చేరి, ఆరి, మళ్లీ తడిసి మడ్‌గార్డుల అంచులను తినివేస్తుంది. తుప్పు మీద పొర వేస్తే తేమ లోపలే బందీ అయి తుప్పు కంటికి కనిపించకుండా పెరుగుతుంది. గరుకు కాగితంతో మెరిసే లోహం కనిపించే వరకు అరగదీసి, ప్రైమరు, రంగు వేసి, ఆరిన తరువాతనే ముందుకు సాగాలి. ఉత్త లప్పం మీద గానీ, ఉత్త ప్రైమరు మీద గానీ పొర వేయరాదు. అవి జిగురును పీల్చుకుంటాయి.

రెండవ మెట్టు: విడదీయడం, పాత స్టిక్కర్లు తీయడం

పాత స్టిక్కర్ల మీద కొత్త పొర వేయడం సోమరితనానికి గుర్తు. వాటి అంచులు కింద నుంచి ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. వేడిగాలి తుపాకీతో స్టిక్కరును గోరువెచ్చగా చేసి, ఉపరితలానికి దగ్గరగా వంచి నెమ్మదిగా లాగాలి. నిలువుగా, హఠాత్తుగా లాగితే రంగు వస్తుంది. మిగిలిన జిగురును జిగురు తొలగించే ద్రావకంతో కరిగించి, వెంటనే సబ్బు నీటితో కడగాలి. బ్లేడుతో గీకడం సులువే గాని, ఆ గీతలు కొత్త పొర కింద శాశ్వతంగా నిలిచిపోతాయి.

మన ఆటోలపై, కార్లపై అల్లాహ్ నామం, మాషా అల్లాహ్ వంటి పదాలు గల స్టిక్కర్లు అనేకం ఉంటాయి. వాటిని ఊడదీసినప్పుడు చెత్తబుట్టలో పారవేయకుండా వేరుగా దాచి, మర్యాదగా ఉంచవలసిన చోటికి చేర్చాలి. దుకాణంలో ఇందుకు ప్రత్యేకంగా ఒక డబ్బా పెట్టుకోవడం తగిన పని. ఇతర మతస్థుల వాహనాలపై ఉన్న దేవతా చిత్రాల విషయంలోనూ, వాటిని ఏమి చేయాలో యజమానినే అడిగి వారికే అప్పగించడం మర్యాద.

తరువాత లోగోలు, తలుపు పిడులు, దీపాలు, అద్దాల తొడుగులు, రబ్బరు పట్టీలు విప్పదగినవన్నీ విప్పాలి. వాటి చుట్టూ కోసి సర్దేస్తే ఆ కోత వెంటనే నీరు, దుమ్ము చొరబడతాయి. జిగురుతో అతికిన లోగోను వెచ్చజేసి, చేపల గాలానికి వాడే నైలాన్ దారాన్ని వెనుక నుంచి రంపంలా కదిలిస్తే గీత పడకుండా వస్తుంది. విప్పిన మరలను పలకల వారీగా వేర్వేరు డబ్బాలలో వేసి పేర్లు రాయాలి. ఒక్క మర తప్పిపోయినా తలుపు గడగడలాడుతుంది. దానికి యజమాని జీవితాంతం ఆ దుకాణాన్ని తలచుకుంటాడు.

మూడవ మెట్టు: కడగడం

మొదటి స్నానం సాధారణ షాంపూతో చేయించాలి. ఆ షాంపూలో వ్యాక్స్ కలిసి ఉండరాదు. చక్రాల అంచులు, తలుపుల అడుగు భాగాలు, బానెట్ సందులు, ఇంధనం మూత లోపలి భాగం, వీటిని చిన్న బ్రష్షుతో రుద్దాలి. పొర అంచులు ముగిసేది ఈ చోట్లలోనే. పొర లేవడం మొదలయ్యేది కూడా ఇక్కడే. బానెట్ నడిమధ్యన ఎంత శుభ్రంగా ఉన్నా, తలుపు అడుగున బురద చార ఒకటి మిగిలితే ఆరు నెలలలో అక్కడ పొర నాలుకలా వేలాడుతుంది.

ఆ తరువాత సబ్బుకు లొంగని మలినాల వంతు. 44వ జాతీయ రహదారి మీద కొత్తకోట, పెబ్బేరు, బీచుపల్లి మీదుగా తిరిగే వాహనాల అడుగు భాగాన తారు చుక్కలు గట్టిగా అంటుకుని ఉంటాయి. వాటికి తారు తొలగించే ద్రావకం వాడాలి. బ్రేకుల నుంచి రాలే ఇనుప రజను రంగులోకి గుచ్చుకుని తుప్పు చుక్కలవుతుంది. దానికి వాడే ప్రత్యేక ద్రవం ఇనుము తగలగానే ఊదా రంగుకు తిరుగుతుంది, ఘాటైన వాసన వస్తుంది. ఆ రంగు కనిపించడమే అది పనిచేస్తున్నదనడానికి నిదర్శనం. చెట్ల కింద నిలిపే అలవాటున్న కార్లపై వేపబంక, పక్షుల రెట్టలు ఉంటాయి. వాటిని నానబెట్టి తీయాలే గాని గోటితో గీకరాదు.

ఇంకా మిగిలిన గరుకుతనాన్ని ‘క్లే బార్’ అనే మెత్తని బంకమట్టి వంటి ముద్ద తొలగిస్తుంది. జారుడు ద్రవం చల్లుతూ దానిని మెల్లగా రుద్దాలి. చేతికి పలుచని ప్లాస్టిక్ సంచి తొడుక్కుని రంగుపై నిమిరితే చిన్న రేణువు కూడా వేలికి తెలుస్తుంది. గాజులా జారేంత వరకు పని కొనసాగించాలి. క్లే బార్ కోసం చల్లిన ద్రవం కూడా ఒక మలినమే కనుక, ఆ తరువాత మరొకసారి కడగడం తప్పనిసరి.

బోరు నీటితో కడిగి ఎండలో వదిలేస్తే నీటిలోని లవణాలు తెల్లని మచ్చలుగా మిగులుతాయి. నీడలో కడిగి, ఆరకముందే శుభ్రమైన గుడ్డతో తుడవాలి. అద్దాల తొడుగులలో, రబ్బరు పట్టీల కింద దాగిన నీరు గంటల తరువాత కూడా బొట్టు బొట్టుగా కారుతుంది. గాలి యంత్రంతో ఊది దానిని వెళ్లగొట్టాలి. వీలైతే సాయంత్రం కడిగి, రాత్రంతా షెడ్డులో ఆరనిచ్చి, మరునాటి ఉదయం పొర పని మొదలుపెట్టాలి.

నాలుగవ మెట్టు: చివరి తుడుపు

కడిగిన కారు కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది. అయినా చేతి చెమట, పలుచని నూనె పొర మిగిలే ఉంటాయి. దీనికి 70 పాళ్ల ఐసోప్రొపైల్ ఆల్కహాల్, 30 పాళ్ల నీరు కలిపిన మిశ్రమం వాడుకలో ఉంది. నీరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అయి ఉండాలి. ఆల్కహాల్ అన్న పేరు విని కొందరు జంకవచ్చు. ఇది మత్తు పానీయాలలో ఉండే ఇథైల్ ఆల్కహాల్ కాదు, వేరొక ద్రావకం. తాగితే విషం. ఆసుపత్రులలో చేతులకు రాసే ద్రవాలలోనూ ఇది ఉంటుంది.

తుడవడానికి రెండు గుడ్డలు కావాలి. రెండూ పీచు రాలని మైక్రోఫైబర్ గుడ్డలై ఉండాలి. ఒకదానిని ద్రవంతో తడిపి తుడవాలి. అది తనంతట తాను ఆరకముందే రెండవ పొడిగుడ్డతో తుడిచివేయాలి. ఇందులో ఒక కీలకముంది. ద్రవం మురికిని కరిగించి పైకి తేలుస్తుంది. దానిని అలాగే ఆవిరి కానిస్తే కరిగిన మురికి తిరిగి అక్కడే కూర్చుంటుంది. గుడ్డ ముఖాన్ని తరచుగా మార్చాలి. ఒక పలక తుడిచి, వెంటనే ఆ పలకకే పొర వేయాలి. మొత్తం కారును ఉదయం తుడిచి సాయంత్రం వరకు పొర వేస్తూ కూర్చుంటే ఆ తుడుపు వృథా.

పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ వాడటం మన ప్రాంతంలో పాత అలవాటు. కిరోసిన్ నూనె పొరను తొలగించదు, కొత్తదాన్ని మిగులుస్తుంది. థిన్నర్ తిరిగి వేసిన రంగును మెత్తబరచి చెడగొట్టగలదు. పెట్రోలు నిప్పుకు ఆహుతి. ఐసోప్రొపైల్ కూడా త్వరగా అంటుకునే ద్రవమే. దానితో తుడుస్తున్నప్పుడు వేడిగాలి తుపాకీ ఆపివేయాలి, బీడీ, సిగరెట్ దరిచేరరాదు. తలుపులు తెరిచి గాలి ఆడనివ్వాలి. చేతులకు తొడుగులు వేసుకోవాలి. పని నేర్చుకునే చిన్నవాళ్లకు ఈ జాగ్రత్తలు ఉస్తాదే మొదట నేర్పాలి.

రంగు వేయని గరుకు ప్లాస్టిక్ భాగాలు చాలావరకు పాలీప్రొపిలీన్‌తో చేసినవి. వాటికి ఏ జిగురూ సులభంగా అంటదు. వాటిని వదిలివేయడమే మేలు. లోతైన గుంటల వద్ద, అంచుల వద్ద పట్టు పెంచే ప్రైమరు ద్రవం ఉంది. దానిని పొర తయారీదారు చెప్పిన చోట, చెప్పినంత మాత్రమే వాడాలి. మురికిని కడగడానికి బదులు ప్రైమరు రాయడం రోగం వదిలి నొప్పి మాత్ర మింగడం వంటిది. పైగా రేపు పొర తీయవలసి వచ్చినప్పుడు అది రంగును కూడా లాగుతుంది.

ఎండ, దుమ్ము, స్థలం

మే నెలలో మన జిల్లాలలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆరుబయట నిలిపిన కారు రేకు చేయి పెట్టలేనంతగా కాలిపోతుంది. అటువంటి రేకు మీద జిగురు తాకీ తాకగానే పట్టేస్తుంది. సరిదిద్దడానికి లేపితే పొర సాగి చెడిపోతుంది. ప్రముఖ తయారీదారులు సూచించే ఉష్ణోగ్రత సుమారు 16 నుంచి 32 డిగ్రీలు. అందుకే వేసవిలో ఫజ్ర్ నమాజు తరువాతి చల్లని వేళ ఈ పనికి అనువైనది. కారును ముందు రోజు సాయంత్రమే నీడలో ఉంచితే రేకు చల్లబడి ఉంటుంది. రోడ్డు పక్క రేకుల షెడ్డు కన్నా నాలుగు గోడలున్న గది మేలు. నేలను ముందుగా తడి చేసి దుమ్ము అణచాలి. పై ఫ్యాను ఆపాలి. ఉన్ని, నూలు పీచు రాలే బట్టలు ధరించరాదు.

ఇంత శ్రద్ధతో చేస్తే ఒక కారును సిద్ధం చేయడానికే పూర్తి రోజు పట్టవచ్చు. పొర వేసిన తరువాత వంపుల వద్ద, అంచుల వద్ద తయారీదారు చెప్పిన వేడిని, సాధారణంగా 100 డిగ్రీల పైచిలుకు, తిరిగి ఇవ్వాలి. అప్పుడే సాగిన పొర తన పాత రూపాన్ని మరచి కొత్త వంపులో స్థిరపడుతుంది. ఎంత వేడి ఇచ్చినా, కింద శుభ్రత లేనిచోట అది నిలవదు.

చట్టం విషయం

పొర వేయించే ముందు మరొక సిద్ధపాటు కూడా ఉంది. వాహనం రంగు రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం ఆ పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. తెల్ల కారు నల్ల కారుగా మారితే రహదారిపై తనిఖీలో, ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కులు ఎదురుకావచ్చు. 2016 అక్టోబరు 11న ఏర్పడిన మన మూడు జిల్లాలలోనూ రవాణా శాఖ కార్యాలయాలున్నాయి. రంగు పూర్తిగా మార్చదలచినవారు ముందుగా అక్కడ విచారించి, రాతపూర్వకంగా అనుమతి పొంది, బీమా సంస్థకు కూడా తెలియజేయాలి. పాఠశాల బస్సులకు, అద్దె వాహనాలకు నిర్దేశిత రంగులుంటాయి కనుక వాటికి ఈ ఆలోచనే తగదు. నంబరు ప్లేటు, దీపాలు, రాత్రివేళ మెరిసే పట్టీలు కప్పివేయరాదు.

అద్దాలు వేరే విషయం. కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 100వ నియమం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా కనీసం 50 శాతం కాంతి ప్రసరించాలని ఆదేశిస్తోంది. అద్దాలపై నల్ల ఫిల్ముల విషయంలో 2012లో సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. ర్యాప్ దుకాణంలో ‘అద్దాలకు కూడా వేసేద్దాం’ అన్న మాట వినిపిస్తే అంగీకరించకపోవడమే క్షేమం.

కనిపించని పనికి విలువ

ఈ పని మొత్తంలో ఒక విశేషముంది. సిద్ధం చేసే పని అంతా పొర కిందకు వెళ్లిపోతుంది. యజమాని వచ్చి చూసే సమయానికి శ్రద్ధగా చేసిన కారూ, నిర్లక్ష్యంగా చేసిన కారూ ఒకే విధంగా మెరుస్తుంటాయి. భేదం బయటపడేది ఎండాకాలం, వానాకాలం గడిచాకే. కనుక ఈ వృత్తిలో పనివానిని కాపలా కాసేది అతని నిజాయితీ ఒక్కటే. ఇతరుల వాహనం మన చేతిలో అమానతు. ‘ఈ కారు రంగు బలహీనంగా ఉంది, ఇప్పుడు వేయవద్దు’ అని చెప్పి ఒక బేరాన్ని వదులుకోగల ఉస్తాదు వద్దకే తిరిగి పదిమంది వస్తారు.

యజమానులు కూడా తమ వంతు చేయాలి. ధర తగ్గించమని పట్టుబట్టినప్పుడు పనివాడు పొర తగ్గించలేడు, అది కొలతకు వస్తుంది. అతడు తగ్గించగలిగేది కడగడానికి పట్టే సమయాన్ని మాత్రమే. అందుచేత బేరం ఆడే ముందు ఈ ప్రశ్నలు అడగండి. పొర కాస్టా, క్యాలెండర్డా? లోగోలు, పిడులు విప్పుతారా, చుట్టూ కోస్తారా? క్లే బార్ వాడతారా? చివరి తుడుపు దేనితో చేస్తారు? పని మూసిన గదిలోనా, ఆరుబయటా? కారు ఎన్ని రోజులు ఉంచుకుంటారు? ‘ఉదయం ఇచ్చి సాయంత్రం తీసుకెళ్లండి’ అన్న సమాధానం వస్తే మరొక దుకాణం చూడండి. మీ కారు ఎప్పుడైనా ప్రమాదానికి గురై రంగు వేయించుకుని ఉంటే ఆ విషయం దాచకుండా చెప్పండి.

పిల్లవానిని ఈ పనిలో చేర్చదలచిన తల్లిదండ్రులకు ఒక సూచన. ఏ దుకాణంలో చేర్చాలో నిర్ణయించుకునే ముందు ఒక పూట అక్కడ కూర్చుని చూడండి. కొత్తగా చేరిన కుర్రవానికి మొదటి నెలలో ఏమి నేర్పుతున్నారో గమనించండి. అతని చేతికి ముందుగా బకెట్టు, గుడ్డ, గరుకు కాగితం ఇచ్చి, తుడిచిన పలకను ఉస్తాదు స్వయంగా వేలితో నిమిరి చూస్తున్నట్లయితే మీ బిడ్డను నిశ్చింతగా అక్కడ చేర్చవచ్చు.